భద్రాచలం గిరిజన మ్యూజియం

తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా భద్రాచలంలో, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంగణంలో ఉన్న ప్రదర్శనశాల. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు భద్రాచలం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2025లో మ్యూజియాన్ని కొత్త హంగులతో తీర్చిదిద్దారు.

ప్రదర్శన: గోదావరి పరీవాహకంలోని కోయలు, కొండరెడ్ల జీవన విధానం ఇక్కడి ప్రధానాంశం. వేట, వ్యవసాయ పనిముట్లు, వాద్యాలు, నగలు, వెదురు అల్లికలు ప్రదర్శనలో ఉంటాయి. కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తించింది.

కళలు, వేడుకలు: కోయ పురుషులు అడవిదున్న కొమ్ముల తలపాగాలు ధరించి, డోళ్లు వాయిస్తూ కొమ్ము నృత్యం చేస్తారు. స్త్రీలు చేతులు కలిపి రేల ఆడతారు. ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించిన ఆదివాసీ దినోత్సవం ఏటా ఆగస్టు 9న జరుగుతుంది.

ఉత్పత్తులు: భద్రాచలం మహిళలు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేస్తున్నారు. 2025 జూన్ ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ వీటిని ప్రస్తావించారు.

సీతారామచంద్రస్వామి ఆలయానికి వచ్చే యాత్రికులు పట్టణంలోనే ఈ మ్యూజియాన్ని కూడా చూడవచ్చు.