స్థలాంతర నివాసము: పెన్నాతీరపు తొగటవారి లాభనష్టములు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములయందలి మన తొగటవీర క్షత్రియ కుటుంబములలో నేడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి గలదు. మగ్గమును నమ్ముకొని యిచ్చటనే యుండవలెనా, లేక పిల్లలను వెంటబెట్టుకొని బెంగుళూరికో హైదరాబాదుకో తరలిపోవలెనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పూర్వమట్లు తరలినవారు ఏమి పొందిరో, ఏమి పోగొట్టుకొనిరో విచారించుటయే మా యుద్దేశము.

మన యిలవేల్పగు చౌడేశ్వరీదేవియే కాశీనుండి సాక్ష్యము పలుకుటకై నందవరమునకు వచ్చి, అచ్చటనే నిలిచినదని గదా పెద్దలు చెప్పుదురు! దీనిని చరిత్రయని మేము వాదింపము. కాని నేతగాండ్ర తరలింపు లెంత ప్రాచీనములో శాసనములే తెలుపుచున్నవి. మాళవదేశమందలి మందసోరు శాసనము ప్రకారము, లాటదేశపు పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి దశపురమునకు వచ్చి స్థిరపడి, క్రీ. శ. 436లో సూర్యాలయమును కట్టించి, 473లో దానిని బాగుచేయించినది. ఆ శ్రేణిలో కొందరు నేతనే పట్టుకొని యుండగా, మరికొందరు విలువిద్యయందును, జ్యోతిషమునందును, కథలు చెప్పుటయందును ప్రవీణులైరట. వృత్తి మారినను వారు పరదేశమున చెదరిపోలేదు. ఏకాకులుగా గాక శ్రేణిగా కదలుటయే యిందులకు కారణమని మాకు తోచుచున్నది.

ఇక మన సీమ సంగతి. నిజాము 1800లో ఈ జిల్లాలను కుంపిణీవారికి దత్తము చేసెను. ఆ కాలమున మనవారు ప్రధానముగా నేసినది ముతక నూలుబట్ట: రైతు కట్టు పంచె, కూలిది కట్టు చీర, చలికి కప్పుకొను దుప్పటి. వీనిని కొనువారు చుట్టుప్రక్కల పల్లెలవారే. ఇందువలన మేలును కలదు, కీడును కలదు. పంట పండిన యేట బేరమునకు దూరము పోనక్కరలేదు. పండని యేట నేతగానికి రెండు దెబ్బలు. 1876-78 నాటి ధాత కరవున ధాన్యపు ధర మిన్నంటెను, బట్ట కొనువాడు లేకపోయెను. రైతునకు కనీసము భూమి యుండెను. వర్షము వచ్చిన తిరిగి దున్నుకొనవచ్చును. మగ్గము నమ్ముకొనినవాడు పెట్టుబడి నూలు తినివేసిన పిదప తిరిగి ఆరంభించుట కేమియు లేదు. కరవునాటి వలసను మంచిచెడ్డలు తూచి చేసిన తరలింపని యెవరనగలరు? అది ప్రాణము దక్కించుకొనుట మాత్రమే.

అప్పటికే ఇనుపదారి వచ్చియుండెను. మద్రాసునుండి కడప, ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరుల మీదుగా రాయచూరు చేరి బొంబాయి దారితో కలియు మార్గము 1871లో పూర్తియైనది. మన మూడు ఊళ్ళును దానికి ఎడముగనే మిగిలిపోయినవి. ఆ బండ్లమీదనే మిల్లుబట్ట సీమలోనికి దిగెను; ఆ బండ్లమీదనే జనము బయటికి పోజొచ్చెను. మద్రాసున 1870లలోను, బెంగుళూరున 1880లలోను పెద్ద నూలుమిల్లులు లేచినవి.

ఇచ్చట పాఠకులు ఒక విషయమును నిదానముగా ఆలోచింపవలెనని మా మనవి. మగ్గపు సంపాదన ఒక్కని సంపాదన కాదు. ముసలితల్లి ఆసుపోయును, భార్య కండెలు చుట్టును, పడుగు సరిచేయుటకు ఇరుగుపొరుగు చేయి వేయుదురు, గుంటలో కూర్చుండి నాడె త్రోయువాడు ఒక్కడు. పడుగు చాచి గంజి పట్టించుటకు పొడవైన తిన్నని వీధి కావలెను. అనగా ఇల్లు, వీధి, బంధువులు, ఈ మూడును మన పనిముట్లే. నగరమున అద్దెగదిలో గుంట త్రవ్వనిత్తురా? వీధిలో పడుగు చాచనిత్తురా? కావున నగరమునకు పోయినవాడు మగ్గమును తీసికొని పోవుట లేదు, తన రెండు చేతులను మాత్రమే తీసికొని పోవుచున్నాడు. ఇంటిల్లిపాది కూడి తెచ్చునది పోయి, ఒక్కని కూలి మిగులును. అద్దె, పాలు, నీళ్ళు అన్నియు దానినుండియే.

మరియొక ప్రక్క నున్న సత్యమును దాచుట న్యాయము కాదు. కండెలు చుట్టిన చిన్నచేతులు పలక పట్టలేదు. 2019-20 నాటి నాలుగవ జాతీయ చేనేతగణన ప్రకారము, దేశమున సుమారు 31 లక్షల చేనేత కుటుంబములుండగా, వానిలో మూడింట రెండు వంతుల కుటుంబముల నెలసరి ఆదాయము అయిదువేల రూపాయలకు లోపు. ఈ లెక్క చూచిన పిదప, పిల్లవానిని గుంటలో కూర్చుండుమని చెప్పుటకు మాకు నోరు రాదు. వృత్తి పవిత్రమని వేదికలపై పలుకువారు తమ కుమారులను ఎచ్చట చదివించుచున్నారో కొంచెము చూచుకొందురు గాక.

షోలాపురము సంగతి గమనింపదగినది. తెలంగాణమునుండి అచ్చటికి పోయిన పద్మశాలి సోదరులు ఒక పేటయే నిర్మించుకొని, మార్కండేయాలయము కట్టుకొని, తెలుగు మఱువక నిలిచిరి. 1960లలో అచ్చటి పాతమిల్లు మూతపడినప్పుడు కష్టములు రాకపోలేదు. అయినను ఆదుకొనుటకు పేట యుండెను. మద్రాసు బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లులు 1996లో మూతపడెను. మిల్లునే నమ్మి, పేట లేక ఒంటరిగా వచ్చినవానికి అట్టి సమయమున దిక్కెవరు?

చిన్నవిగా తోచు నష్టములు కొన్ని గలవు, అవియే తరువాత బాధించును. మన రాష్ట్రపు వెనుకబడిన తరగతుల ధ్రువపత్రము పరరాష్ట్ర ప్రభుత్వోద్యోగములకు సాధారణముగా చెల్లదు. ఆంధ్రమున ఏబదియేండ్లకే లభించు చేనేత పింఛను, మగ్గము విడిచి పోయినవానికి రాదు. బెంగుళూరికి పోవువారు వీనిని ముందుగనే లెక్కించుకొనవలెను.

చదువుకై తరలుట మాత్రము పూర్వమువలె అగత్యము గాదు. కడపలో యోగివేమన విశ్వవిద్యాలయము, పులివెందులలో ఇంజనీరింగు కళాశాల 2006లోనే వెలసినవి. ప్రొద్దుటూరున పశువైద్య కళాశాలయు గలదు. ఎఱ్ఱగుంట్ల నంద్యాల రైలుమార్గము 2016లో తెరువబడి, ప్రొద్దుటూరికిని జమ్మలమడుగునకును రైలు వచ్చినది. చదువు ఇచ్చట ముగించి, ఉద్యోగము దొరకిన పిదప కదలుట చాలమందికి సాధ్యమే.

మా తీర్పు అడిగినచో, అప్పు మెడకు రాకమునుపే, ఇల్లు అమ్మకయే, ముందుగా ఒకరు పోయి ఏడాది చూచి, బంధువులున్న పేటకే తరలుట మేలు. అప్పులవానికి వెఱచి రాత్రికి రాత్రి పోవుట ఎన్నడును లాభింపలేదు. అట్టి పేట లెచ్చట నున్నవో తెలియజేయు పని సంఘముది. ఏ నగరమున మనవారు ఎన్ని యిండ్లున్నారో, వారిలో క్రొత్తవారికి బస యియ్యగలవా రెవరో మూడు ఊళ్ళ శాఖలును పట్టిక వ్రాసి, వచ్చు మహాసభనాటికి కార్యదర్శిగారి కందజేయవలెనని కోరుచున్నాము.