నాగరికులు నేర్చుకొనిన ఈత

బోరగిల పరుండినట్లు నీటిపై నిలిచి, ఒక చేయి తరువాత ఒక చేయిగా ముందునకు బారలు వేయుచు, పాదములతో నీటిని కొట్టుచు ఈదు రీతికి క్రాల్ అని పేరు. ఒలింపిక్ క్రీడలలోని ఫ్రీస్టైల్ పందెములందు ఎవరికి నచ్చిన రీతిని వారు ఈదవచ్చును. అయినను అందరును దీనినే ఈదుదురు. నీటిపై ఇంతకంటె వేగమైన ఈత లేదు. ఇట్టి విద్యను కన్నులార చూచియు ఇంగ్లండు దేశము సుమారు 60 ఏండ్లు దానిని పూర్తిగా చేపట్టలేదు.

1844లో ఉత్తర అమెరికాకు చెందిన ఒజిబ్వే జాతీయులు ఇద్దరు లండనులోని ఒక స్నానశాలలో పందెముగా ఈదిరి. ఫ్లయింగ్ గల్, టొబాకో అని వారిని పిలిచెడివారు. 130 అడుగుల దూరమును వారు 30 సెకండ్లలో దాటిరి. గాలిమర రెక్కలవలె తిరుగు వారి చేతులను చూచి ఆంగ్లేయులు విస్తుపోయిరి గాని, అది తమ ఖండపు మర్యాదకు తగదని తలచిరి. వారు ఎరిగినది కప్పవలె ఈదుట. అందు చేతులు నీటిలోనుండియే ముందునకు మరలి రావలెను. కావున ప్రతి బారకును నీరే అడ్డుపడును.

జాన్ ట్రడ్జన్ అను ఆంగ్లేయుడు దక్షిణ అమెరికాలో చూచి నేర్చిన బారలను 1873లో లండనులో ప్రదర్శించెను. చేతులు నీటిపైకి వచ్చెను. కాళ్ళు మాత్రము పాతరీతినే విడివడి కలియుచుండెను. కొరత తీరినది ఆస్ట్రేలియాలో. సాలమన్ దీవులలో జన్మించిన ఆలిక్ విక్‌హామ్ అను బాలుడు సిడ్నీ నగరమున తన దీవివారివలె పాదములను మీదికి క్రిందికి ఆడించుచు ఈదెను. శిక్షకుడొకడు చూచి, పిల్లవాడు ప్రాకుచున్నాడని కేక వేసెననియు, క్రాల్ అను పేరు అట్లు వచ్చెననియు చెప్పుదురు. ఆ నగరమునందలి కావిల్ కుటుంబీకుడు రిచర్డ్ 1902లో ఇంగ్లండునందు 100 గజములను నిమిషము లోపల ఈదెను. 1912లో హవాయి దీవుల డ్యూక్ కహనమోకు స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల పందెమును గెలిచెను.

దూరపు ఈతకు ఇది పనికిరాదను సందేహమును 1926లో గెర్‌ట్రూడ్ ఎడర్లీ తీర్చెను. 1875లో మాథ్యూ వెబ్ పాతరీతిని 21 గంటల 45 నిమిషములలో దాటిన ఇంగ్లీషు ఛానలును ఆమె క్రాల్ ఈతతో 15 గంటల లోపలనే దాటెను. అంతకుముందు దాటిన పురుషులందరికంటెను ఆమెయే శీఘ్రగామిని.

ఈత నేర్వగోరు శ్రోతలు ఇందలి కీలకమును గమనింపవలెను. బలముగా నీటిని బాదుట కాదు; దేహమును నీటిమట్టమునకు సమముగా నిలుపుట ముఖ్యము. ఊపిరికై తలయెత్తిన వెంటనే కాళ్ళు మునుగును. ముఖమును నీటిలో నుంచి శ్వాస విడిచి, దేహముతోపాటు తలను ప్రక్కకు త్రిప్పి శ్వాస పీల్చవలెను. తొందరపడక దీనిని సాధించినవారికి తక్కినది సులభము.

చేతుల రీతికి ట్రడ్జన్ పేరు నిలిచెను. పాదముల రీతి కలిసిన పిదప దానిని ఆస్ట్రేలియా క్రాల్ అనిరి. లండనులో ఈదిన ఆ ఇద్దరి పేరు గాని, సాలమన్ దీవుల పేరు గాని ఏ ఈతకును పెట్టలేదు.