వయ్యారిభామ: పుప్పొడి, విత్తనోత్పత్తి

వయ్యారిభామ (పార్థీనియం హిస్టెరోఫోరస్) ఆస్టరేసి కుటుంబపు ఏకవార్షిక కలుపు మొక్క. కాంగ్రెస్ గడ్డి, క్యారెట్ గడ్డి అనీ అంటారు. స్వస్థలం ఉష్ణమండల అమెరికా.

రాక: 1955లో పుణెలో కనిపించిందనీ, అమెరికా సాయంగా వచ్చిన పి.ఎల్.-480 గోధుమలతో చేరిందనీ ఎక్కువమంది రాస్తారు. అయితే ఆ గోధుమల ఒప్పందం 1956 ఆగస్టు నాటిది. పైగా వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1814 నాటి కలకత్తా ఉద్యానవన జాబితాలోనే ఈ మొక్క ఉంది. కాబట్టి 1955ను తొలి రాకగా కాక, వ్యాప్తి గుర్తించిన ఏడాదిగా తీసుకోవడం సబబు.

పువ్వు: మనం ఒక్క పువ్వు అనుకునేది నిజానికి ఒక పూగుత్తి. భూతద్దం కింద చూస్తే 4-5 మిల్లీమీటర్ల తెల్లని బిళ్ల, అంచున అయిదు మూలలు. ఆ మూలల్లోని అయిదు కిరణ పుష్పకాలే ఆడవి. ఒక్కోదానికి ఒక్కో గింజ. మధ్యలో కిక్కిరిసినవి మగ పుష్పకాలు. వాటి పని పుప్పొడి ఇవ్వడమే.

విత్తనాలు: మొక్కకు 15,000 నుంచి 25,000 అని సాధారణ అంచనా, బాగా ఎదిగిన మొక్కకు లక్ష దాకా చెబుతారు. గుత్తికి అయిదే గనుక 15,000 గింజలకు కనీసం 3,000 గుత్తులు పూయాలి. మొలిచిన 4-6 వారాల్లోనే పూత మొదలవుతుంది. నేలపైన పడ్డ గింజ త్వరగా చస్తుంది. మట్టిలో పూడినది ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటుంది.

పుప్పొడి: ఒక మొక్క 62 కోట్లకు పైగా రేణువులు విడుదల చేస్తుందని బెంగళూరు పరిశోధకులు కాంచన్, జయచంద్ర లెక్కగట్టారు. రేణువులు ముద్దలుగా కూడా గాలిలో తేలుతాయి. వీటివల్ల తుమ్ములు, ముక్కు కారడం, కొందరిలో ఉబ్బసం వస్తాయి. చర్మం మీది దద్దుర్లకు ముఖ్య కారణం మొక్కలోని పార్థీనిన్ అనే రసాయనం. ఇతర పంటల కీలాగ్రాలపై ఈ పుప్పొడి పడితే కాయ కట్టడం తగ్గుతుందని కూడా ఆ ఇద్దరే చూపారు.

రాయలసీమ అనుభవం: 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు మించిందని అంచనా. గట్ల మీది వయ్యారిభామలో వైరస్ ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. వైరస్ సోకిన ఆ మొక్క పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ ఆకుల మీదికి చేరుస్తాయి. అవి ఆకును గీకిన గాయాల్లోంచి వైరస్ లోపలికి వెళుతుంది. అక్కడ పంటను ముంచింది గింజ కాదు, పుప్పొడి.

నివారణ: 1984లో మెక్సికన్ పెంకు పురుగును బెంగళూరు ప్రాంతంలో వదిలారు. వానలకు అది ఆకులు తినేస్తుంది. ఎండాకాలంలో దాని ప్రభావం తక్కువ. మొక్కను కోసి వదిలితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని, తెల్లమొగ్గ కనిపించకముందే వేళ్లతో సహా పీకాలి. పూత వచ్చాక పీకితే పుప్పొడి మన ముక్కుకూ, పక్క చేనుకూ చేరుతుంది. గింజ పండాక పీకితే రాబోయే ఏళ్ల కలుపును మనమే విత్తినట్టవుతుంది.