పనిచేస్తూ చదివేవారికి విదేశీ ఎంఎస్‌డబ్ల్యూ: కిమ్ పారిశ్రామిక ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

ప్రవేశిక

ఉద్యోగం మానకుండా విదేశీ విశ్వవిద్యాలయం నుంచి మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, అంటే ఎంఎస్‌డబ్ల్యూ చేయవచ్చా? స్వచ్ఛంద సంస్థల సిబ్బంది, ఆసుపత్రి కౌన్సిలర్లు, బడి పంతుళ్లు, కార్ఖానాల్లో కార్మిక సంక్షేమం చూసే ఉద్యోగులు ఎదుర్కొనే ప్రశ్న ఇది. దీన్ని గుజరాత్‌లోని సూరత్ జిల్లా కిమ్ ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సోషల్ వర్క్ చదువుకు ప్రాణం ఫీల్డ్‌వర్క్. అది ఎక్కడ, ఎవరి భాషలో, ఎవరి పర్యవేక్షణలో జరుగుతుందన్న దాన్ని బట్టే విదేశీ కోర్సు మనకు పనికొస్తుందో లేదో తేలుతుందని నా వాదన.

కిమ్ ఎందుకు?

కిమ్ ఓల్పాడ్ తాలూకాలోని పట్టణం. సూరత్, భరూచ్‌ల మధ్య రైలు మార్గంలో స్టేషన్, దగ్గర్లోనే 48వ నంబరు జాతీయ రహదారి. సాయణ్, కిమ్, పిపోదరా ప్రాంతాల్లో నేత కార్ఖానాలు విస్తరించాయి. సూరత్ మరమగ్గాల మీద ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు తరాలుగా ఈ పరిశ్రమలో ఉన్నారు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపిన చేతులే ఇక్కడా సాంచాలు నడిపాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక బడులు నడుపుతోందంటే ఆ వలస ఎంత లోతుగా వేళ్లూనుకుందో అర్థమవుతుంది. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి ఇక్కడ మామూలే.

ఈ ప్రాంతానికి సోషల్ వర్కర్ అవసరం ఎంతటిదో 2021 జనవరిలో జరిగిన ఘోరం చూపుతుంది. చెరకు ట్రాక్టరును ఢీకొని అదుపు తప్పిన లారీ ఒకటి కిమ్–మాండ్వీ రోడ్డు పక్కన నిద్రపోతున్న కూలీల మీదికి దూసుకెళ్లింది. పదిహేను మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది రాజస్థాన్‌లోని బాంస్‌వాడా జిల్లా వాళ్లు. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి ఒక్కో మృతుడి కుటుంబానికి రూ.2 లక్షలు ప్రకటించారు. ప్రకటించిన సొమ్ము ఇంటికి చేరాలంటే మృతుడి గుర్తింపు తేలాలి, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం రావాలి, భార్య పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. వాగ్డీ భాష మాట్లాడే ఆ ఇల్లాలికి గుజరాతీ దరఖాస్తు ఎవరో చదివి చెప్పాలి. ఆమె పిల్లల చదువు ఏమవుతుందో కూడా ఎవరో పట్టించుకోవాలి. ఎంఎస్‌డబ్ల్యూ పాఠాల్లో ‘కేస్ వర్క్’ అనేది ఇదే.

విదేశీ మూలం, స్వదేశీ వేరు

మన దేశంలో సోషల్ వర్క్ విద్య విదేశీ చేయూతతోనే మొదలైంది. బొంబాయిలో నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్‌ను నడిపిన అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ చొరవతో 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఏర్పడింది. 1944లో దాని పేరు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా మారింది. 1949లో ఏర్పడిన బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం తొలినాళ్లలోనే సోషల్ వర్క్ ఫ్యాకల్టీ తెరిచింది. పాఠ్యక్రమం మాత్రం చాలాకాలం అమెరికా అచ్చులోనే నడిచింది. వ్యక్తి సమస్యకు దక్కినంత చోటు కులానికి, కూలికి, వలసకు దక్కలేదన్న విమర్శ అందుకే వచ్చింది.

ఆ లోటు పూడ్చే జ్ఞానం సూరత్‌లోనే ఉంది. ఐ.పి.దేశాయి 1969లో స్థాపించిన సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ ఇక్కడిదే. డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960ల మొదటి నుంచి దక్షిణ గుజరాత్ కూలీల బతుకును అధ్యయనం చేశారు. కిమ్ విద్యార్థికి పాఠం చెప్పే విదేశీ విశ్వవిద్యాలయం ముందు ఈ పరిశోధనను తన పాఠ్యక్రమంలోకి తెచ్చుకోవాలి.

గంటల లెక్క

అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూ కోర్సులకు గుర్తింపునిచ్చే కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ కనీసం 900 గంటల ఫీల్డ్‌వర్క్ కోరుతుంది. వారానికి ఒక్క సెలవు దొరికే ఉద్యోగి ఆ రోజంతా, అంటే ఎనిమిది గంటలు, దీనికే కేటాయించినా 113 వారాలు పడుతుంది. రెండేళ్లు దాటుతుంది. ఈలోగా ఇంటికి, విశ్రాంతికి, పరీక్షలకు ఒక్క రోజూ మిగలదు.

దీనికి దారి అదే సంస్థ 2022 ప్రమాణాల్లో ఉంది. విద్యార్థి చేస్తున్న ఉద్యోగపు పనులు కోర్సు ఆశించే సామర్థ్యాలతో నేరుగా ముడిపడితే వాటిని ఫీల్డ్‌వర్క్ గంటలుగా లెక్కించవచ్చు. అయితే చదువుకు సంబంధించిన పర్యవేక్షణ ఉద్యోగ పర్యవేక్షణ నుంచి వేరుగా ఉండాలి. ఈ షరతు చాలా ముఖ్యం. కార్ఖానాలో సంక్షేమం చూసే ఉద్యోగి రోజూ కార్మికుల గోడు వింటాడు. యాజమాన్యం ముందు ఆ గోడును ఎలా పెట్టాలో, ఎక్కడ తన ఉద్యోగానికీ తన ధర్మానికీ పొత్తు కుదరదో అతనితో కూర్చుని విడమరిచే గురువు లేకపోతే ఆ గంటలు హాజరు పట్టీలో అంకెలుగానే మిగులుతాయి.

గుర్తింపు చిక్కు

డాక్టరుకో న్యాయవాదికో ఉన్నట్టు సోషల్ వర్కర్లందరికీ వర్తించే జాతీయ రిజిస్ట్రేషన్ మన దేశంలో లేదు. ఉద్యోగానికి పట్టాయే ఆధారం. అందుకే విదేశీ పట్టాకు ఇక్కడ సమానత్వం దక్కుతుందా అన్నది ప్రాణప్రదమైన విషయం. పైన చెప్పిన అమెరికన్ కౌన్సిల్ తన దేశపు, దాని పాలనలోని ప్రాంతాల కోర్సులకే గుర్తింపునిస్తుంది. ఫ్రాంచైజీ పద్ధతిలో ఇచ్చిన విదేశీ పట్టాలను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2025 నిబంధనలు గుర్తించవు. గాంధీనగర్ గిఫ్ట్ సిటీలో డీకిన్, వొల్లొంగాంగ్ విశ్వవిద్యాలయాల క్యాంపస్‌లు వచ్చాయి కానీ, అక్కడి 2022 నిబంధనలు ఆర్థిక నిర్వహణ, ఫిన్‌టెక్, సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సులకే ఉద్దేశించినవి. సోషల్ వర్క్‌కు అందులో చోటు లేదు.

తెరిచి ఉన్న తలుపు యూజీసీ 2022లో తెచ్చిన ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీ నిబంధనలు. జాయింట్ డిగ్రీలో రెండు సంస్థల నుంచీ కనీసం 30 శాతం చొప్పున క్రెడిట్లు రావాలి. ఈ నిబంధనలు ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు వర్తించవు. కాబట్టి తరగతి ఎక్కడో ఒకచోట ముఖాముఖి జరగక తప్పదు.

రెండు అనుభవాలు

పనిచేస్తున్నవారి కోసం సొంత గడ్డ దాటి ఎంఎస్‌డబ్ల్యూ నడపడం సాధ్యమేనని హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం చూపింది. చైనాలో సోషల్ వర్క్ బోధించేవారి కోసం 2000లో పెకింగ్ విశ్వవిద్యాలయంతో కలిసి అది కోర్సు ప్రారంభించింది. స్థానిక విశ్వవిద్యాలయం భాగస్వామిగా ఉండటం, చదివినవారు తమ ఊళ్లకు తిరిగివెళ్లి అక్కడి బోధనను నిలబెట్టడం దాని బలం.

రెండో అనుభవం మనదే. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఆలోచనను మన నేలకు మలిచి 1982లో హైదరాబాద్‌లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. నేడది అంబేద్కర్ పేరుతో ఉంది. తొలి ఉపకులపతి జి.రాంరెడ్డి ఆ తర్వాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి ఉపకులపతి అయ్యారు. అర్హత పరీక్షతో ప్రవేశం, తెలుగులో పాఠాలు, స్టడీ సెంటర్లలో తరగతులు ఉండబట్టే బడి మధ్యలో మానేసినవారూ పట్టభద్రులయ్యారు. విదేశీ ఆలోచన మన భాషలోకి, మన వీలులోకి వచ్చింది కనుకే అది నిలిచింది.

కిమ్‌కు తగిన నమూనా

పై పరిశీలన నుంచి నాలుగు సూచనలు తేలుతున్నాయి. పట్టా ఇచ్చే బాధ్యతలో గుజరాత్‌లోని విశ్వవిద్యాలయం ఒకటి తప్పక ఉండాలి, విదేశీ సంస్థ భాగస్వామిగా రావాలి. తరగతులు షిఫ్టుల మార్పును బట్టి సూరత్–కిమ్ రైలు మార్గంలోనే ఏదో ఒకచోట జరగాలి. సూరత్ మరమగ్గాల కార్మికుల మధ్య పనిచేస్తున్న ఆజీవిక బ్యూరో వంటి సంస్థల్లో ఫీల్డ్‌వర్క్ పెట్టి, పర్యవేక్షకులకు గౌరవ వేతనం ఇవ్వాలి. కేసు నివేదికలను తెలుగు, ఒడియా, గుజరాతీ, హిందీల్లో రాయనివ్వాలి. కార్మికురాలు తన భాషలో చెప్పిన బాధను విద్యార్థి ఇంగ్లీషులోకి మార్చేసరికి సగం జారిపోతుంది.

ఉపాధి సంగతీ చూడాలి. 2025లో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేవరకు ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలనేది. చిన్న చిన్న షెడ్లుగా చీలిన మగ్గాల పరిశ్రమ ఆ సంఖ్యకు చేరదు. అనేక షెడ్లు కలిసి ఒక సోషల్ వర్కర్‌ను నియమించుకునే ఏర్పాటును పారిశ్రామిక సంఘాలు చేస్తేనే చదివినవారికి పని, కార్మికులకు అండ దొరుకుతాయి.

ముగింపు

పనిచేస్తూ చదివే విద్యార్థికి విదేశీ ఎంఎస్‌డబ్ల్యూ మేలు చేయగలదు, అతని పనిని చదువులో భాగంగా ఒప్పుకుంటేనే. ఫీజు కట్టేముందు ప్రతి విద్యార్థీ మూడు విషయాలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి: ఈ పట్టాకు భారతదేశంలో సమానత్వం ఉందా, నా ఊళ్లో ఫీల్డ్‌వర్క్‌ను ఎవరు పర్యవేక్షిస్తారు, నా ఉద్యోగపు గంటల్లో ఎన్ని లెక్కలోకి వస్తాయి? ఈ మూడింటికీ సూటిగా జవాబివ్వని కోర్సులో, ఎంత పేరున్న విశ్వవిద్యాలయమైనా సరే, చేరకూడదు.