పన్నెండు వారాల్లో తిరిగొచ్చిన గొంతు

1974 ఫిబ్రవరి 2న జపాన్‌లో తోయి సంస్థ విడుదల చేసిన ‘ది స్ట్రీట్ ఫైటర్’ చివర్లో, జోరువానలో ఓడ మీద, హీరో సురుగి తన ప్రత్యర్థి జుంజో గొంతు పెరికేస్తాడు. ఇక వాడి పని అయిపోయిందనే అనుకుంటాం. కానీ సరిగ్గా పన్నెండు వారాలకు, ఏప్రిల్ 27న వచ్చిన రెండో భాగంలో అదే జుంజో, కృత్రిమ స్వరయంత్రంతో మాట్లాడుతూ పగ తీర్చుకోవడానికి దిగుతాడు. చాలామంది దీన్ని చవకబారు సినిమా తెలివితక్కువతనం కింద జమకట్టి నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ యంత్రమే ఈ సినిమాకి ప్రాణం.

ఆ హడావిడికి కారణం లేకపోలేదు. 1958లో 112 కోట్ల టిక్కెట్లు తెగిన జపాన్‌లో, టీవీ దెబ్బకి 1972 నాటికి 19 కోట్లు కూడా తెగలేదు. అప్పుడే బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ 1973 డిసెంబరులో అక్కడికొచ్చింది. ఆయన పోయి అప్పటికి ఐదు నెలలు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టాలన్నది తోయి లెక్క. ఒకే ఏడాదిలో ఈ వరసలో మూడు సినిమాలు, పైగా ఆగస్టులో ‘సిస్టర్ స్ట్రీట్ ఫైటర్’. డబ్బు తక్కువే గానీ దెబ్బలో కల్తీ లేదు: హీరో సోనీ చిబా మసుతత్సు ఒయామా దగ్గర క్యోకుషిన్ కరాటే నేర్చినవాడు, 1970లోనే ఫైటర్ల కోసం జపాన్ యాక్షన్ క్లబ్ పెట్టినవాడు. కరాటే గురువు పాత్రలో కనిపించే మసాఫుమి సుజుకి నిజంగానే గురువు.

రెండో భాగంలో మొదటి భాగం సీన్లనే మళ్లీ అతికించారు కదా, ఇది మోసం కాదా అనొచ్చు. పొదుపు కోసమే, కాదనను. కథ పలచనన్నదీ నిజమే. కానీ ఇంటింటా వీడియో లేని రోజుల్లో, హాల్లోంచి వెళ్లిపోయిన సినిమాని జనానికి గుర్తుచేయడానికి వేరే దారేముంది? స్వరయంత్రాన్ని మాత్రం పొదుపు లెక్కలో వేయలేం. కొత్త విలన్‌ని పెట్టుకున్నా అదే ఖర్చు. పాతవాణ్నే రప్పించడంతో హీరో క్రూరత్వానికి బాకీ వసూలు మొదలైంది. మొదటి భాగంలో సురుగి చేసిందేమిటి? తన పనికి కిరాయి చెల్లించలేదని జుంజో తమ్ముడి చావుకి కారణమయ్యాడు, చెల్లెల్ని అమ్మేశాడు. న్యాయం చూస్తే విలన్ వైపే ఉంది.

ఓడినవాళ్ల తరఫు పగతో రెండో భాగం నడపడం తోయి కనిపెట్టిందేమీ కాదు. దర్శకుడు కురొసావా 1945లో స్టూడియో కోరికపై తీసిన ‘సన్షిరో సుగాతా’ రెండో భాగంలో, ఓడిన హిగాకి తరఫున అతని తమ్ముళ్లు వస్తారు. హిగాకినీ, ఒక తమ్ముణ్నీ ఒకే నటుడు ర్యునొసుకె త్సుకిగాతా వేశాడు. ఆ తొందర కూడా కొత్తదేమీ కాదు: 1954 నవంబరులో వచ్చిన గాడ్జిల్లాకి 1955 ఏప్రిల్లోనే రెండోది తయారు. ఇప్పుడు రెండో భాగానికి ఏళ్లు పడుతోంది; ఈలోగా మొదటి దాని వేడి చల్లారిపోతోంది. మీరు చూడదలిస్తే రెండూ ఒకే రాత్రి, వరసగా చూడండి; ఆ యంత్రంలోంచి మొదటి మాట వచ్చినప్పుడు నవ్వకండి.