పరాయి బిడ్డకు పెద్దదిక్కు

కన్నబిడ్డను కనిపెట్టుకొని యుండుట తల్లిదండ్రులకు సహజధర్మము. మేనమామయో, పినతండ్రియో, తాతయో ఆ భారమును పంచుకొనుట మన కుటుంబములలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. బడి ఎగవేసిన పిల్లవానిని మందలించి పంపువాడొకడు, పండుగకు చొక్కా కుట్టించువాడొకడు, తండ్రి కోపమునకు అడ్డుపడువాడొకడు ఇంట నుండెడివారు. కాని ఏ దిక్కును లేని బిడ్డ మాట ఏమి? తండ్రి గతించి, తల్లి పగలంతయు కూలికి పోగా, పట్టణపు వీథులలో పెరుగు బిడ్డకు పెద్దదిక్కెవరు? రక్తసంబంధము లేని పరాయివాడు, జీతము నాశింపక, ఆ స్థానమున నిలువగలడా? నిలిచినచో బిడ్డకు నిజముగా మేలు కలుగునా? ఈ ప్రశ్నలకు ఇంగ్లండు, అమెరికా దేశములలో రెండు వందల యేండ్లుగా జరిగిన ప్రయత్నములు చెప్పు సమాధానమును శ్రోతల ముందుంచుట మా యుద్దేశము.

ఇంగ్లండు దక్షిణతీరమున పోర్ట్స్‌మత్ అను రేవుపట్టణము కలదు. అచట 1766లో జన్మించిన జాన్ పౌండ్స్ ఓడలు కట్టు పని నేర్చుకొనుచు, పదునైదవ యేట గోదిలో పడి జీవితాంతము అవిటివాడయ్యెను. పిమ్మట చెప్పులు కుట్టుట వృత్తిగా గైకొనెను. వంకర పాదములతో పుట్టిన బంధువుల బిడ్డ నొకనిని చేరదీసి, తోలుతో సాధనము చేసి వాని పాదములను సరిదిద్ది, అక్షరములు నేర్పసాగెను. ఒంటరిగా నేర్చుకొనుటకంటె తోడున్న మంచిదని పొరుగింటి పేదబిడ్డను పిలిచెను. ఆ యిద్దరు క్రమముగా ముప్పది, నలుబది మందియైరి. ఇరుకైన అంగడిలో చెప్పులు కుట్టుచునే ఆయన వారికి చదువు, లెక్కలు, వంట, చెప్పుల మరమ్మతు నేర్పెను. రానని మొండికేసిన బాలునికి కాల్చిన బంగాళాదుంప చూపి వెంట తెచ్చుకొనెడివాడని ప్రతీతి. ఎవరి యొద్దను కాసు పుచ్చుకొనలేదు. 1839లో ఆయన మరణించెను. 1844లో లండనులో పేదపిల్లల ఉచిత పాఠశాలల సమాఖ్య వెలసినప్పుడు, ఆ ఉద్యమమునకు మార్గదర్శిగా పలువురు ఈ చెప్పులు కుట్టు మనిషినే స్మరించిరి.

పౌండ్స్ దుకాణము పాఠశాల వంటిది. ఒక బిడ్డకు ఒక పెద్ద అను భావము మాత్రము న్యాయస్థానములలో పుట్టినది. దానికిని ఆద్యుడు చెప్పులు కుట్టువాడే యగుట విశేషము. అమెరికాలోని బోస్టను నగరమున జాన్ ఆగస్టస్ అను నాతడు 1841లో పోలీసు న్యాయస్థానమునకు పోయి, తాగుబోతని నేరము మోపబడిన ఒక మనిషికి తానే జామీను నిలిచెను. మూడు వారముల గడువు ముగిసి తిరిగి వచ్చిన ఆ మనిషిని చూచి న్యాయాధిపతి ఆశ్చర్యపడి, ఒక్క సెంటు జుల్మానాతో విడిచిపెట్టెను. తరువాత ఆగస్టస్ బాలబాలికలకు సైతము జామీను నిలిచి, వారిని బడిలోనో పనిలోనో చేర్చి, వారి నడవడిని న్యాయస్థానమునకు నివేదించుచుండెను. 1859లో మరణించునాటికి ఆయన ఇట్లు చేయూతనిచ్చిన వారి సంఖ్య రెండు వేలకు సమీపించెను. 1878లో మసాచుసెట్సు రాష్ట్రము ఈ పద్ధతిని చట్టములో చేర్చెను.

1899లో షికాగో నగరమున బాలల కొరకు ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడినది. అమెరికాలో ఇదియే మొదటిది. పిల్లలను కనిపెట్టి చూచుటకు పర్యవేక్షకులు ఉండవలెనని చట్టము విధించెను గాని, ప్రభుత్వధనము నుండి వారికి జీతమియ్యరాదని కూడ అదే చట్టము శాసించెను. కావున మొదటి పర్యవేక్షకులలో కొందరు స్వచ్ఛందముగా పనిచేసిన వారు. కొందరికి మహిళాసంఘములు జీతమిచ్చెను. చట్టము పని యొప్పగించినది. చేతులు మాత్రము ప్రజలలో నుండి రావలసివచ్చెను.

న్యూయార్కు బాలల న్యాయస్థానము 1902లో ప్రారంభమైనది. అందు గుమాస్తాగా నుండిన ఎర్నెస్టు కోల్టర్ ప్రతిదినము బోనెక్కు పసిపిల్లలను చూచుచుండెను. వారిలో పెక్కురి నేరములు ఆకలివలనను, ఆదరణ లేమివలనను పుట్టినవని ఆయన గ్రహించెను. 1904 డిసెంబరులో సెంట్రల్ ప్రెస్బిటేరియన్ చర్చికి చెందిన పురుషుల సంఘములో ప్రసంగించుచు, శిక్షకు సిద్ధముగా నున్న ఒక బాలుని గతి వర్ణించి, వానికి కావలసినది తన మేలు కోరు ఒక పెద్ద మనిషి స్నేహమేయని విన్నవించెను. నాడు సభలో నలుబది మంది తలకొక బాలునికి పెద్దన్నగా నుండుటకు ఒప్పుకొనిరి. ‘బిగ్ బ్రదర్స్’ అను ఉద్యమమునకు అది ఆరంభము.

అదే కాలమున న్యూయార్కులో కొందరు కాథలిక్కు స్త్రీలు న్యాయస్థానమునకు వచ్చు బాలికలకు అక్కలై నిలిచిరి. ఒహాయో రాష్ట్రమున సిన్సినాటి నగరములో ఇర్విన్ వెస్ట్‌హైమర్ అను యువ వ్యాపారి 1903లో చెత్తతొట్టిలో తిండికై వెదకుచున్న బాలుని చూచి, వానికి భోజనము పెట్టించి, స్నేహము చేసి, తన మిత్రులను గూడ అట్లే చేయుమని ప్రోత్సహించెను. అన్నల సంఘములును అక్కల సంఘములును 1977లో ఒకే సంస్థగా కలిసినవి.

ఇంతవరకు కథ శుభప్రదముగానే యున్నది. కాని సదుద్దేశము ఫలితమునకు హామీ కాదని తెలిపిన ఘట్టమొకటి ఈ చరిత్రలో కలదు. హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడును వైద్యుడునైన రిచర్డు కాబట్ ఒక గొప్ప పరీక్ష నారంభించెను. స్నేహపూర్ణమైన సలహాదారు తోడున్నచో బాలురు నేరములకు దూరముగా నుందురా అనునది ఆయన ప్రశ్న. మసాచుసెట్సులోని కేంబ్రిడ్జి, సోమర్విల్ పట్టణములలో 506 మంది బాలురను ఎన్నుకొని, వయస్సు, స్వభావము, గృహస్థితి సరిపోలునట్లు జంటలుగా కూర్చి, ప్రతి జంటలో ఒకనికి మాత్రమే సహాయమందునట్లు నాణెము నెగురవేసి నిర్ణయించిరి. 1939లో సేవ మొదలయ్యెను. ఈ సలహాదారులు జీతముపై నియమింపబడినవారు. వారు బాలుర యిండ్లకు పోయిరి, పాఠములు చెప్పించిరి, వైద్యము చేయించిరి, వేసవి శిబిరములకు పంపిరి. నడుమ యుద్ధము వచ్చి పలువురు సలహాదారులు సైన్యమునకు పోయిరి. 1945లో కార్యక్రమము ముగిసెను.

ముప్పది యేండ్ల తరువాత జోన్ మెకార్డ్ అను పరిశోధకురాలు ఆ బాలురను వెదకించెను. వారప్పటికి నడివయస్సువారు. సహాయమందిన వారిలో మూడింట రెండు వంతులమంది అది తమకు మేలు చేసినదనిరి. కాని లెక్కలు వేరుగా పలికినవి. నేరముల విషయమున వారు సహాయమందని వారికంటె మెరుగుగా లేరు. పైగా మద్యవ్యసనము, మానసికవ్యాధి, అకాలమరణము వంటి కొన్ని విషయములలో మరింత అధ్వాన్నముగా నుండిరి. 1978లో ఈ ఫలితము ప్రకటితము కాగా సాంఘికసేవాలోకము నివ్వెరపోయెను. ఆమె ఊహించిన కారణములలో ఒకటి మనము గుర్తుంచుకొనదగినది: పరుల తోడ్పాటుపై ఆధారపడుటకు అలవాటుపడిన బాలుడు, అది తొలగిపోయిన పిమ్మట ఆశాభంగమునకు లోనై యుండవచ్చును.

అట్లయిన కోల్టర్ కన్న కల వృథాయేనా? కాదని మరియొక పరీక్ష తేల్చెను. 1995లో ప్రకటింపబడిన ఈ పరిశీలనలో ‘బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్’ సంస్థకు చెందిన ఎనిమిది శాఖలలో పదేండ్ల నుండి పదునారేండ్ల వయస్సుగల 959 మంది బాలబాలికలను తీసికొనిరి. సగము మందికి వెంటనే తోడు నిచ్చి, తక్కిన సగమును పదునెనిమిది నెలలు వేచియుండ జేసిరి. తోడు లభించిన వారు సగటున నెలకు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటల చొప్పున తమ అన్నతోనో అక్కతోనో గడపిరి. వేచియున్న వారితో పోల్చగా వీరు మాదకద్రవ్యములు మొదలుపెట్టు అవకాశము 46 శాతము, మద్యము మొదలుపెట్టు అవకాశము 27 శాతము తక్కువగా నుండెను. బడి ఎగవేయు దినములు సగమునకు తగ్గెను. ఇంతకును ఆ పెద్దలు చేసినదేమి? కలిసి ఆడిరి, తినిరి, నడిచిరి, మాటలాడిరి. ఆదినుండియు బిడ్డను దిద్దవలెనని నీతులు బోధించిన వారి స్నేహములు చాలవరకు నిలువలేదనియు, బిడ్డ ఇష్టమును విని దాని ననుసరించిన వారివి నిలిచినవనియు ఆనాటి మరియొక పరిశీలన తెలిపెను.

నిలుచుటయే ఇందలి ప్రాణము. 2002లో జీన్ గ్రాస్మన్, జీన్ రోడ్స్ అను నిరువురు ఇదే సమాచారమును మరల పరిశీలించిరి. ఏడాదియో అంతకు మించియో సాగిన స్నేహములు అత్యధికమైన మేలు చేసినవి. మూడు నెలలలోపుననే తెగిపోయిన స్నేహములలోని బాలబాలికలకు తమపై తమకు గల విశ్వాసము మునుపటికంటె తగ్గిపోయెను. ఒకసారి తండ్రి విడిచిపోయిన బిడ్డను మరియొక పెద్ద విడిచిపోవుట ఎట్టిదో ఊహించుట కష్టము కాదు. ‘నాలోనే ఏదో లోపమున్నది’ అని ఆ పసిమనస్సు తలపోయును.

అందుచేతనే చక్కగా నడచు సంస్థలు సేవకు వచ్చిన ప్రతివారిని వెంటనే బిడ్డతో జతపరుపవు. వారి పూర్వవృత్తాంతము విచారించును; తల్లి యొక్కయో సంరక్షకుని యొక్కయో సమ్మతి పొందును; కనీసము ఒక యేడాది విడువనని మాట తీసికొనును; అటుపిమ్మట కూడ ఒక ఉద్యోగి ఇరువురితోను తరచుగా మాటలాడి మంచిచెడ్డలు తెలిసికొనుచుండును. ఇది స్నేహమునకు సంకెల యని కొందరికి తోచవచ్చును. కాని బిడ్డ రక్షణమునకును, స్నేహము నిలుచుటకును ఇదియే కంచె.

షికాగోలో మొదలైన భావము మనకును దూరముగా నుండలేదు. కోస్తా జిల్లాలును రాయలసీమయు చెన్నపురి రాజధానిలో నున్న కాలమున, 1920లో అచట బాలల చట్టము వచ్చినది. తప్పు చేసిన బిడ్డను పెద్దల చెరసాలకు పంపరాదను భావము అట్లు మన నేలకు చేరినది. అయితే చట్టము బిడ్డను చెరసాల నుండి తప్పింపగలదు. సాయంకాలము వాకిట కూర్చుండి వాని మాట వినలేదు. ఆ పని మనుష్యులదే.

శ్రోతలలో ఎవరికైనను అట్టి పని చేయవలెనని తోచినచో మేము చేయు మనవి ఒక్కటియే. ధనము లేదని వెనుకాడవలదు. పౌండ్స్‌కును ఆగస్టస్‌కును గల సంపద చెప్పులు కుట్టు ఆరె మాత్రమే. పాండిత్యము లేదని సంకోచింపవలదు. కాని ఏడాది పొడవునను వారమువారము తీరిక చేసికొనగలమా అని ముందు ఇంటివారితో కూర్చుండి ఆలోచింపుడు. కుదురదని తోచినచో ఆ బిడ్డ గుమ్మము తొక్కకుండుటయే మేలు. కుదురునని తోచినచో, ఆదివారము వచ్చెదనని చెప్పి ఆదివారమే పొండు. తమకై వచ్చెదనన్న మనిషి వచ్చునా రాడా అని వాకిట నిలిచి చూచు కన్నులు ప్రతి ఊరను కలవు.