చెన్నపురి బ్రతికిన కాలేజీ : దానిని వెంటాడిన నీరు

తెలుగు జిల్లాలనుండి చెన్నపట్టణమునకు పోయి వచ్చినవారిని ఊరివారు వెనుకటి దినములలో తప్పక అడుగుచుండిన ప్రశ్న యొకటి కలదు: “చచ్చిన కాలేజీ చూచితివా? బ్రతికిన కాలేజీ చూచితివా?” మొదటిది ఎగ్మూరులోని వస్తుప్రదర్శనశాల, రెండవది జంతుప్రదర్శనశాల. అరవవారును ‘సెత్త కాలేజు’, ‘ఉయిర్ కాలేజు’ అని యిట్లే పిలిచిరి. ఈ జంటపేర్లు ఉత్త వేళాకోళము కావు. ఆ రెండు సంస్థలును నిజముగా ఒక్క కడుపున పుట్టినవే.

1851లో స్థాపింపబడిన ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు తొలి అధికారియైన డాక్టరు ఎడ్వర్డు బాల్ఫరు, ఎండగట్టిన చర్మములకన్న ప్రాణముతో నున్న మృగములను చూచుటకే జనులు ఎక్కువగా వచ్చుచున్నారని గ్రహించి, 1855లో పాంథియను ఆవరణముననే జంతుశాల నారంభించెను. కర్ణాటక నవాబు తన మృగములను ఇచ్చునట్లు అతడే యొప్పించెను. ఏడాది తిరుగునప్పటికి అచ్చట మూడువందలకు మించి ప్రాణులు చేరినవి. ఇంత సంసారమును మోయుట వస్తుప్రదర్శనశాలకు తరము గాలేదు. 1861లో దానిని నగరపాలక సంఘమునకు అప్పగించిరి. 1863లో పీపుల్స్ పార్కునకు తరలించిరి.

ఈ పార్కును 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవిలియను ఏర్పరచెను. విస్తీర్ణము 116 ఎకరములు. అందు అయిదున్నర మైళ్ళ బాటలు, సంగీతమంటపము, స్నానఘట్టము, పదునొకండు కొలనులు ఉండెడివి. పదునొకండు కొలనులు అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. తోట నందగింపజేయుటకు మాత్రమే ఎవ్వరును అన్ని కొలనులు త్రవ్వరు. నీరు తనంతట చేరు పల్లపు నేల గనుకనే అన్ని కొలనులు అచ్చట నిలిచినవి. ఒక ప్రక్క కూవము నది, ఇంకొక ప్రక్క కాలువ, నడుమ తోట. ఆ కాలువ మనకు పరాయిది కాదు. 1806లో కాక్రేను కాలువగా మొదలై, ఎన్నూరు దాటి, దుగరాజపట్టణము మీదుగా కృష్ణపట్టణమువరకు సాగి, 1876–78 నాటి కరవుపనులతో నగరమధ్యమున కూవమును అడయారుతో కలిపి, ఆనాటి గవర్నరు పేర బకింగుహాము కాలువయైనది అదియే. కట్టెలు, ధాన్యము నింపుకొన్న పడవలు నెల్లూరు సీమనుండి ఆ కాలువ వెంబడి చెన్నపురికి దిగుచుండెడివి.

పార్కు చుట్టుప్రక్కల తెలుగువారి కాపురములు ఈనాటివి కావు. కూవము వంపులో, సుంకు రామసెట్టి తోటగా నుండిన స్థలమున, 1734లో నేతగాండ్రకొరకు వెలసిన పేట చింతాద్రిపేట. పార్కుటౌను, జార్జిటౌను, చూళై వీథులలో తెలుగు మాట తరతరములుగా వినబడుచున్నది. పార్కు నేలలో కొంత తీసికొని కట్టిన విక్టోరియా పబ్లిక్ హాలునకు 1883లో పునాదిరాయి వేసినవారు విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజుగారు. ఈ వీథుల బిడ్డలకు జంతుశాల పండుగనాటి వింత కాదు, పొరుగిల్లు. రాత్రివేళ సింహగర్జనము విని నిద్రలో ఉలికిపడు పిల్లలు ఏ యడవిలోనో గాక పట్టణము నడిబొడ్డున నుండుట ఒక్క చెన్నపురిలోనే చెల్లినది కాబోలు!

ఆ పొరుగింటివారిని నగరము క్రమముగా ఇరుకున బెట్టినది. 1900లో మూరు మార్కెట్టు, 1913లో రిప్పను భవనము, పిమ్మట ఆటస్థలములు, రైలువారి కట్టడములు వరుసగా వచ్చి తోటను కొరుకుచు పోయినవి. 1942 ఏప్రిలులో జపానువారి బాంబులు పడునను భయముతో ఊరు సగము ఖాళీ యగుచుండగా, బోనులు పగిలి క్రూరమృగములు వీథులలో పడునేమోయని, మలబారు స్పెషలు పోలీసులచే సింహములను, పెద్దపులులను కాల్పించివేసిరి. ప్రమాదము రాకముందే ప్రమాదభయమునకు ప్రాణులు బలియైన ఆ ఘట్టమును చెన్నపురి చరిత్రకారులు ముక్తసరిగా ముగింతురు. దానికింకను కొంత ఎడ మీయదగును. ఏలయన, కాపరులు ఆపత్కాలమున ఏమి చేయవలెనో ముందు ఆలోచించుకొననిచో మిగులునది తుపాకి యొక్కటే యని తేటపరచిన ఉదాహరణ మది.

నగరమునకు నైరృతి దిశను, ఇరువదిమైళ్ళ లోపున వండలూరు కొండ కలదు. 1976లో అటవీశాఖవారు ఆ కొండపట్టున రక్షితారణ్యమును జంతుశాలకని కేటాయించిరి. 1979లో పని మొదలైనది. 1985 జూలై 24వ తేదీన ముఖ్యమంత్రి ఎం. జి. రామచంద్రనుగారు దానిని ప్రారంభించిరి. అదే సంవత్సరమున మూరు మార్కెట్టు అగ్నికి ఆహుతియైనది. ఒక్క యేట పాత పార్కు తన మృగములను, తన అంగళ్ళను రెంటిని పోగొట్టుకొన్నది. 2001లో ఆపన్న మృగముల సంరక్షణ కేంద్రమునకై మరికొంత భూమి చేరి, నేడు జంతుశాల వైశాల్యము 602 హెక్టారులు. దానికి అరిజ్ఞర్ అణ్ణా పేరు పెట్టిరి.

ఇచ్చట కట్టుబడి రీతియే మారినది. పీపుల్స్ పార్కులో ఇనుపచువ్వల బోనులు. వండలూరులో చువ్వలు లేని ఆవరణములు. జర్మనీలో హాంబర్గు చెంత హాగెన్బెక్ అను వర్తకుడు 1907లో చూపిన పద్ధతి యిది. చూచువారికి, మృగమునకు నడుమ లోతైన కందకము. ఆవలి ఒడ్డున చెట్లు, బండలు. మృగము స్వేచ్ఛగా నున్నట్లే తోచును. ప్రాణికి మేలు, కంటికి ఇంపు. కాని ఈ పద్ధతి యంతయు ఒక్క నమ్మకముపై నిలిచియున్నది: కందకములో నీటిమట్టము మనము నిర్ణయించినచోటనే యుండునని. నీరు పొంగి గట్టుతో సమమైనచో కందకము గోడ కాదు, ఈతకొలను. పెద్దపులి చక్కగా ఈదగలదు. ఇనుపబోనునకు వరదవలన మునుగు భయమే కలదు. కందకమునకు మునుగుట, తెరచుకొనుట రెండును కలవు.

మరి వండలూరు వరదకు అందని చోటా? కొండ యున్నది గదా యని చాలమంది భ్రమింతురు. కొండపై కురిసిన వాన కొండపై నిలువదు. క్రింద, జంతుశాల లోపలనే, ఓటేరి చెరువు కలదు. ఆవల నెడుంగుండ్రము, మణ్ణివాక్కము, ముడిచూరు, ఆదనూరు చెరువులు. పెద్దలు ఒక చెరువు అలుగు, మన నెల్లూరువారి మాటలో కలుజు, క్రింది చెరువునకు నోరుగా గొలుసుకట్టు అమర్చిరి. ఆ గొలుసు చివరకు అడయారు నదిని చేరును. చెరువులనడుమ కాలువలు ఇండ్లస్థలములై, రస్తాలై పోయినపుడు, గొలుసు తెగిన నీరు తనకు దొరికిన దారిని పోవును. 2015 డిసెంబరు 1వ తేదీ మొదలు ఇరువదినాలుగు గంటలలో పొరుగుననున్న తాంబరములో 49 సెంటీమీటర్ల వాన కురిసినది. ముడిచూరు ప్రాంతము మేడల మొదటి అంతస్తుదాక మునిగినది. పడవలు వీథులలో తిరిగినవి. జంతుశాలను సందర్శకులకు మూసివేసిరి. ఆ వానకాలమున పట్టణమంతట ప్రాకిన వదంతి ఏమనగా, వండలూరు మొసళ్ళు తప్పించుకొని కాలనీలలో తిరుగుచున్నవని. అధికారులు పదే పదే కాదనవలసివచ్చినది.

మరుసటి యేడు, 2016 డిసెంబరు 12న, వర్దా తుపాను. ఈసారి దెబ్బ నీటిదికన్న గాలిది. జంతుశాలలో వేలకొలది చెట్లు కూకటివ్రేళ్ళతో పడినవి. ప్రహరీగోడ పలుచోట్ల కూలినది. చాల దినములు ద్వారములు తెరువలేదు. చెట్టు పడుట సుందరతకు లోపమని మాత్రమే తలచువారు పొరబడుచున్నారు. చెట్లు పోయిన కొండవాలు వాననీటిని పట్టి యుంచదు. మన్నుతో సహా క్రిందికి త్రోయును. ఆ మన్ను చెరువును పూడ్చును. పూడిన చెరువు వానకాలమున త్వరగా పొంగును, వేసవిలో త్వరగా ఎండును. ఓటేరి విషయమున జరిగినది ఇదియే. తుపాను తరువాతి వేసవులలో అది ఎండినది, అచ్చటికి వలస వచ్చు పక్షులు తగ్గినవి. 2019లో నగరమంతయు త్రాగునీటికి అలమటించినది. పిమ్మట పూడిక తీసి, నీటి రాకపోకల దారులు సరిచేసి, చెరువును మరల నిలబెట్టుకొనిరి. ఏనుగుల గురించి, పులుల గురించి పత్రికలు వ్రాసినంత ఈ పూడికతీత గురించి వ్రాయలేదు. కాని ఆ జంతుశాల పునరుద్ధరణలో ముఖ్యమైన పని అదియే యని నా యభిప్రాయము.

2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిచౌంగు తుపాను వానలు. పెరుంగళత్తూరులో రాత్రి రస్తా దాటుచున్న మొసలి చిత్రము దేశమంతట చూడబడినది. మరల అదే మాట: జంతుశాల గోడ విరిగినది కాబోలునని. అధికారులు చెప్పినది వేరు. చెన్నపురి పరిసరములలోని కొన్ని చెరువులలో మొసళ్ళు సహజముగనే కాపురమున్నవి. వానకు నీరు కలిసినపుడు అవి చోటు మారును. నెడుంగుండ్రము చెరువు మొసళ్ళకు జంతుశాల యెన్నడును ఇల్లు కాదు. మనము ‘తప్పించుకొన్నది’ అని అనునది పలుమారులు మనకంటె ముందే అచ్చట నున్నది.

ఇట్టి చిక్కు చెన్నపురి యొక్కదానికే కాదు. హైదరాబాదులో బాగెఆంలోని మృగములను తెచ్చి, మీర్ ఆలం చెరువును ఆనుకొన్న 380 ఎకరములలో 1963లో నెహ్రూ జంతుశాలను తెరచిరి. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు పొంగి సఫారీ భాగము నీట మునుగగా, మృగములను వేరుచోట్లకు మార్చవలసివచ్చినది. దూరదేశములో చెప్పదగినది ప్రేగు నగరపు జంతుశాల. 1931లో తెరచిన ఆ శాల సగము వ్ల్తావా నది ఒడ్డున, సగము కొండపైన నున్నది. 2002 ఆగస్టు వరదలో 134 ప్రాణులు చనిపోయినవి. గాస్టన్ అను పేరుగల సముద్రసింహము నదిలో బడి జర్మనీ దేశమువరకు ఈదిపోయి, పట్టుబడిన పిదప మరణించెను. ఆ నగరమువారు చేసిన పని కంటతడి పెట్టుటతో ఆగలేదు. ఏ మృగమును ఏ నీటిమట్టమువద్ద, ఏ క్రమమున కదల్చవలెనో ముందే వ్రాసికొనిరి. 2013 జూనులో నది మరల పొంగినపుడు ఇంచుమించు వేయి ప్రాణులను కదల్చిరి, మరణములు అతిస్వల్పము. అదే యేట ఏనుగులకు ఎగువన కొత్త నెలవు తెరచిరి. 2022లో గొరిల్లాలను గూడ నది కందని చోటికి చేర్చిరి. క్రింది భాగమును విడువలేదు. ఏ ప్రాణి క్రింద నుండదగునో, ఏది ఉండరాదో విడదీసిరి. దీనికి ఇరువది యేండ్లు పట్టినది.

వండలూరు ఈ లెక్కకు రావలసియున్నది. 1863లో ఒకమారు, 1985లో ఒకమారు చెన్నపురి తన జంతుశాలను కదల్చినది. మూడవమారు కదల్చుటకు చోటు లేదు. ఏ నగరమునుండి తప్పించుకొని వండలూరు చేరినదో ఆ నగరమే వెంటవచ్చి చేరినది. మిచౌంగు వెలసిన నెల తిరుగకముందే, 2023 డిసెంబరు 30న, ప్రక్కనే కిలాంబాక్కములో దక్షిణపు బస్సులకు గొప్ప నిలయము ప్రారంభమైనది. ఎన్ని సిమెంటు నేలలు పెరిగిన, వానకు అంత నీరు చెరువులపై బడును. కావున జంతుశాల ముందున్న పని కొత్త వింతలు తెచ్చుట కాదు. బరువైన, కదల్చ శక్యముగాని మృగములను కొండవాలు మిట్టకు చేర్చవలెను. పల్లము నీటిపక్షులకు, మొసళ్ళకు వదలవలెను. కందకములకు పొంగు నీరు పోవు తూములు, మేత కొట్టులకు ఎత్తైన అరుగులు కావలెను. వరద తీసిన పిదప గిట్టలు కుళ్ళు జింకలకును, ఎలుకల మూత్రము కలిసిన నీటివలన జ్వరము సోకు కాపరులకును మందులు చేతినుండవలెను. ఇవి పెద్ద మాటలు కావు. పెద్ద వ్యయమును కావు. కాని చూడవచ్చినవారికి ఇందొక్కటియు కనబడదు. టిక్కెట్టు కొన్నవాడు తూమును చూచి చప్పట్లు కొట్టడు. చిక్కంతయు అక్కడనే యున్నది.

చెన్నపురి తెలుగువారు ఈ విషయమున అక్కరకు వచ్చు పని యొకటి కలదు. పార్కుటౌను, చింతాద్రిపేట, పెరంబూరు ప్రాంతములలో ఇంకను ఎనుబదియేండ్లు దాటిన పెద్దలున్నారు. పాత పార్కులో ఏ కొలను ఎచ్చటనుండెనో, కార్తీకపు వానలకు నీరు ఏ వీథివరకు వచ్చెడిదో, కాలువ పడవ ఎచ్చట ఆగెడిదో వారు చెప్పగలరు. ఆ పదునొకండు కొలనులలో పెక్కింటి జాడ నేడు కానరాదు; వాటి నేలపై క్రీడామండపము, రైలుస్థానము లేచినవి. వారు చెప్పినది వ్రాసి, పటముపై గుర్తించి, సంఘ గ్రంథాలయమున నుంచినచో, వానకాలమున అచ్చట నీరేల నిలుచుచున్నదని అడుగు ఇంజనీరునకు చూపుటకు ఒక కాగితమైనను మనవద్ద నుండును.